నదికి చోటు: సెంటీమీటరు ఎవరు నిర్ణయించాలి, గీత ఎవరు గీయాలి? (రైన్, మ్యూజ్ పనులపై చర్చ)

నీటిలెక్క · 1

నెదర్లాండ్స్ 'నదికి చోటు' కార్యక్రమం మీద పొగడ్తలు కావలసినన్ని దొరుకుతాయి. గట్టు ఎందుకు అంతే జరిపారు, చివరి సంతకం ఎవరిది, పొదలు పెరిగాక ఏమైంది అన్నవి మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటాయి. తెలిసినవాళ్లు ఇక్కడ ఒకచోట పెడితే బాగుంటుంది.

నేపథ్యం క్లుప్తంగా. 1993లో ఒకసారి, 1995లో మళ్లీ రైన్, మ్యూజ్ నదులు పొంగాయి. 1995లో జర్మనీ సరిహద్దులో లోబిత్ దగ్గర శిఖర ప్రవాహం సెకనుకు దాదాపు 12,000 ఘనపు మీటర్లు, అంటే 4.2 లక్షల క్యూసెక్కులు. పెద్ద గట్లు తెగలేదు. కానీ నానిపోయిన గట్లు ఆగుతాయన్న నమ్మకం లేక సుమారు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ రెండు వరదలనూ కలిపి మళ్లీ లెక్క వేస్తే, 1,250 ఏళ్లకు ఒకసారి రాగల ప్రవాహం 15,000 నుంచి 16,000 ఘనపు మీటర్లకు (5.65 లక్షల క్యూసెక్కులు) పెరిగింది. ఆ అదనపు వెయ్యిని వీలైనంతవరకు గట్లు పెంచకుండా, నదికే జాగా ఇచ్చి పంపాలని నిర్ణయించారు. సుమారు 230 కోట్ల యూరోలు, ముప్పైకి పైగా పనిచోట్లు. ఎక్కువ భాగం 2015 నాటికి అయిపోయింది.

లక్ష్యాలు రెండు రాసుకున్నారు. వరద భద్రత ఒకటి, స్థల నాణ్యత (ఆ చోటు మనిషికి ఎంత బాగుంటుంది అన్నది) రెండోది. రెండోదాన్ని తోకలా తగిలించకుండా మొదటిదాని పక్కనే పెట్టారు.

నా ప్రశ్న: ఒక నదీభాగం మన చేతికిస్తే ఏది ముందు బిగించాలి, ఏది చివరిదాకా బేరానికి వదలాలి?

బ్యాక్‌వాటర్ · 2

బిగించాల్సింది ఒక్కటే. ఏ కిలోమీటరు దగ్గర, ఏ ప్రవాహానికి, నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగాలి. మిగతాదంతా బేరమే. వాళ్లు చేసింది అదే: ఒక్కో పనికి ఇన్ని సెంటీమీటర్లు అని పైనుంచి అంకె కట్టారు. ఎలా దింపుతారో స్థానికంగా తేల్చుకోమన్నారు.

అయితే ఆ అంకె ఎక్కడ కనబడుతుందో తెలియకపోతే మొదటికే మోసం. నెమ్మదిగా పారే మైదానపు నదిలో ప్రభావం దిగువ నుంచి ఎగువకు పాకుతుంది. నదిని ఒకచోట వెడల్పు చేస్తే మట్టం ఎక్కువగా దిగేది ఆ పని ఎగువ కొస దగ్గర. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ మెల్లగా కరిగిపోతుంది. ఎంత దూరం పాకుతుందో చేతి లెక్కతో అందుతుంది: లోతును, వాలుకు మూడు రెట్లతో భాగించండి. 10 మీటర్ల లోతు, కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలు ఉంటే 10 ÷ (3 × 0.0001), సుమారు 33 కి.మీ. ఆ దూరానికి ప్రభావంలో 37 శాతం మిగులుతుంది. అంటే ఇక్కడ 30 సెం.మీ. దింపితే 33 కి.మీ. ఎగువన 11 సెం.మీ. దిగుతుంది. సగానికి తగ్గేది 23 కి.మీ. దగ్గర.

దీన్నిబట్టి రెండు సంగతులు. మునిగే ఊరిని కాపాడాలంటే పని ఊరి దగ్గరో దానికి దిగువనో చేయాలి. ఎగువన వెడల్పు చేస్తే ఊరికి ఒరిగేది ఏమీ లేదు. రెండోది, పక్కపాయలోకి (వరద కోసం నది పక్కన తవ్విన పాయ) వెళ్లిన నీరు తిరిగి నదిలో కలిసే దిగువ కొస దగ్గర మట్టం కొద్ది సెంటీమీటర్లు పెరుగుతుంది. దాన్ని లెక్కలో చూపించకుండా దాస్తే దిగువ ఊరి గట్టు యజమాన్యం కోర్టుకెక్కుతుంది, ఎక్కాలి కూడా. పాయ బయటికొచ్చే నోటిని ఏటవాలుగా, వెడల్పుగా చెక్కితే ఆ పెరుగుదల తగ్గుతుంది.

కొత్తపాయ · 3

నీళ్లు పంపేబదులు ఎగువన నిలవ చేయలేమా? ఇంకోటి, గట్టు ఒక మీటరు పెంచితే చవక కదండీ?

బ్యాక్‌వాటర్ · 4

నిలవ సంగతి నేను చెప్తాను, గట్టు సంగతి గట్టుకాపు గారికి వదిలేస్తాను.

రైన్ వరద గంటల్లో వచ్చి పోయేది కాదు, శిఖరమే రోజుల తరబడి నిలుస్తుంది. శిఖరంలోంచి సెకనుకు 500 ఘనపు మీటర్లు కోయాలి, అది రెండు రోజులు ఉంటుంది అనుకోండి. 500 × 1,72,800 సెకన్లు = 8.64 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో 3 టీఎంసీలు. మూడు మీటర్ల లోతున నింపినా దాదాపు 2,900 హెక్టార్లు కావాలి. శిఖరం ఎప్పుడొస్తుందో తప్పుగా అంచనా వేసి గేటు ముందే తెరిస్తే, అసలు శిఖరం వచ్చేసరికి చెరువు నిండిపోయి ఉంటుంది. చిన్న ఉపనదులకు నిలవ బాగా పనిచేస్తుంది. ఇంత పొడుగు వరదకు దారి ఇవ్వడమే మేలు.

గట్టుకాపు · 5

చవకే. దాచడం ఎందుకు? సెంటీమీటరుకు ఇంత ఖర్చు అని చూస్తే చాలాచోట్ల గట్టు పెంచడమే చవక. వాళ్ల కార్యక్రమంలో కూడా జాగా లేనిచోట గట్లు బలపరిచారు.

కానీ 'ఒక మీటరు' అన్నది మోసపు మాట. రెండు వైపులా 1:3 వాలు ఉంచాలంటే మీటరు ఎత్తుకు అడుగున ఆరు మీటర్లు వెడల్పు పెరుగుతుంది. లోపలివైపు బెర్మ్ (గట్టు కాలికి ఆనించే మట్టి మెట్టు) వేస్తే ఇంకా పదో ఇరవయ్యో మీటర్లు. రైన్ పాయ అయిన వాల్ నది గట్ల మీద, గట్ల కాళ్ల దగ్గర పాత ఇళ్లు వరసగా ఉంటాయి. ఆ ఆరు మీటర్లలోనే ఊరంతా ఉంటుంది. గట్టు పెంచి మట్టం పెరగనిస్తే, ఎప్పుడో గండి పడినరోజు లోపల నీళ్లు అంత లోతుగా నిండుతాయి.

ఇంకో మెలిక. 2017 జనవరి నుంచి వాళ్ల చట్టంలో ప్రమాణం మారింది. అంతకుముందు 'ఈ మట్టం దాటే అవకాశం ఎంత' అని చూసేవాళ్లు. ఇప్పుడు ఒక్కో గట్టుభాగానికి 'తెగి ముంపు వచ్చే అవకాశం ఎంత' అని చూస్తారు. గట్టు వెనక ఏముందన్న దాన్నిబట్టి ఏడాదికి 300లో ఒకటి నుంచి లక్షలో ఒకటి దాకా. 2050 నాటికి గట్టు వెనక ఎవరికైనా ముంపులో చనిపోయే అవకాశం ఏడాదికి లక్షలో ఒకటి మించకూడదు. ఈ లెక్కలో ఎత్తు చాలడంలేదన్నదాని కంటే పైపింగ్ (గట్టు కిందుగా నీరు ఇసుకను కోసుకుపోవడం), వాలు జారడం పెద్ద సమస్యలుగా తేలాయి. మట్టం 30 సెం.మీ. దింపితే పైపింగ్ కొంచెం తగ్గుతుంది, పోదు. అందుకని 'జాగానా, గట్టా' అనే వాదన నాకు ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. రెండూ ఒకే పటం మీద, ఒకే ఏడాది పెట్టుకోవాలి.

దస్త్రం · 6

పాలన భాగం నేను రాస్తాను. సెంటీమీటరు కేంద్రానిది, గీత స్థానికులది. విభజన అదీ.

జాతీయ జలమార్గ సంస్థ రైక్స్‌వాటర్‌స్టాట్ ప్రతి పనికి మట్టం లక్ష్యం, ఖర్చు పరిమితి, గడువు కట్టింది. పథకం గీసే బాధ్యతను సందర్భాన్నిబట్టి ప్రాంతీయ ప్రభుత్వం, పురపాలిక, లేదా వాటర్ బోర్డు తీసుకున్నాయి. వాటర్ బోర్డులంటే గట్లు, మురుగు కాలువలు చూసుకునే ఎన్నికైన పాలక సంస్థలు, సొంత పన్ను వసూలు చేస్తాయి. ఖజానా తమదే కాబట్టి పైవాళ్ల దయ మీద ఆధారపడవు. ఈ వివరం మరిచిపోయి మిగతా ఏర్పాటును మాత్రం నకలు కొడితే పని జరగదు.

మధ్యలో అనుమతి గుమ్మాలు పెట్టారు. ప్రత్యామ్నాయాలు తెచ్చాక మంత్రి ఒకటి ఖాయం చేస్తారు, దానికి వివరమైన డిజైన్ తెచ్చాక మళ్లీ అనుమతి. ప్రతి గుమ్మం దగ్గర అడిగేది అవే మూడు ప్రశ్నలు: సెంటీమీటర్లు వచ్చాయా, డబ్బు సరిపోతుందా, నాణ్యత ఉందా. ఒక్కదానికి 'లేదు' వచ్చినా దస్త్రం వెనక్కి.

ఇందులో నాకు నచ్చినది మార్పిడి వెసులుబాటు. స్థానికులు 'మీ పని వద్దు, మాకు ఇంకో ఆలోచన ఉంది' అనవచ్చు. షరతు ఏమిటంటే అది అంతే మట్టం దింపాలి, గడువులో అవ్వాలి, అదనపు ఖర్చు వాళ్లదే. ఈ ఒక్క నియమంతో సభల్లో గొడవ 'వద్దు' నుంచి 'దీనికి బదులు ఏది' అన్నదానికి మారుతుంది.

దీనికి పనిముట్టు కూడా ఉండాలి. వాళ్లకు కంప్యూటరులో ఒక పేర్పుడు పెట్టె ఉండేది. వందల పనుల్లో ఏది టిక్ పెడితే నది పొడవునా మట్టం గీత ఎంత దిగుతుందో వెంటనే కనబడేది. సర్పంచి స్థాయి మనిషి కూడా కూర్చుని 'ఇది తీసేస్తే ఎంత పోతుంది' అని చూసుకోవచ్చు.

బ్యాక్‌వాటర్ · 7

> వందల పనుల్లో ఏది టిక్ పెడితే

ఒక హెచ్చరిక. అలాంటి పెట్టె ఒక్కో పని ప్రభావాన్ని విడిగా లెక్కించి కూడుతుంది. నిజానికి పక్కపక్కన ఉన్న రెండు పనుల ప్రభావం వాటి మొత్తం కాదు. ఒకే లంకలో (నదికీ గట్టుకూ మధ్య వరదకు మునిగే నేల) పాయా తవ్వి నేలా దింపితే రెండూ ఒకే నీటి కోసం పోటీ పడతాయి. బేరానికి పెట్టె, సంతకానికి పూర్తి ద్విపరిమాణ నమూనా. ఈ క్రమం తప్పకూడదు.

రైన్‌లో ఇంకో చిక్కు చీలిక. పన్నర్డెన్ దగ్గర నది రెండుగా విడిపోతుంది: మూడింట రెండు వంతులు వాల్‌కు, ఒక వంతు పన్నర్డెన్ కాలువకు. ఆ ఒక వంతు ఆర్న్‌హెమ్ దగ్గర మళ్లీ చీలి, మొత్తంలో తొమ్మిదింట రెండు నెదర్‌రైన్‌కు, ఒకటి ఐసెల్‌కు పోతాయి. డిజైన్ వరదకు (గట్లు తట్టుకోవాలని లెక్కగట్టిన వరద) ఈ పంపకం ప్రభుత్వ విధానంగా స్థిరం. చీలికకు కాస్త దిగువన వాల్‌లో మట్టం దింపితే వాల్ ఎక్కువ నీరు లాగేసుకుంటుంది. దింపిన సెంటీమీటర్లలో కొంత అదే మింగేస్తుంది. అందుకే చీలిక దగ్గర పనులు మూడు పాయల్లోనూ జతగా డిజైన్ చేయాలి. ఒక పాయ ముందే పూర్తయి ఇంకోటి రెండేళ్లు ఆలస్యమైతే, ఆ రెండేళ్లూ పంపకం తప్పుతుంది.

పచ్చగీత · 8

స్థల నాణ్యత అంటే చెట్లు నాటడం, బల్లలు వేయడం అనుకునేవాళ్లకు ఈ కార్యక్రమం మంచి మందు. వాళ్లు దాన్ని మూడుగా చూస్తారు: వాడుక విలువ, అనుభూతి విలువ, భవిష్యత్తు విలువ. ఇవి మెత్తని మాటలే, అంకె కట్టలేరు. అంకె లేనిది అంకె ముందు ఎప్పుడూ ఓడిపోతుంది. అందుకని విడిగా ఒక నాణ్యతా బృందాన్ని పెట్టారు. మొదటి అధ్యక్షుడు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ డిర్క్ సైమన్స్. 1986లో నదీతీర లంకలను ప్రకృతికి, గట్టు వెనక నేలను సేద్యానికి విడదీయమన్న 'కొంగ ప్రణాళిక' రాసినవాళ్లలో ఆయన ఒకరు. బృందానికి వీటో లేదు, సలహా మాత్రమే. కానీ సలహా నేరుగా గుమ్మం దగ్గరకు పోతుంది, పైగా డిజైన్ అయిపోయాక కాకుండా సగంలో ఉండగానే వచ్చి చూస్తారు. సగంలో అయితే పాయను 40 మీటర్లు జరపమంటే జరుపుతారు. టెండరు అయ్యాక అదే మాట అంటే ఎవరూ వినరు.

ఉదాహరణ నైమేఖెన్. ఊరి ఎదుట వాల్ వంపు తిరిగి సన్నబడుతుంది. ఉత్తర ఒడ్డున లెంట్ దగ్గర గట్టును 350 మీటర్లు లోపలికి జరిపి, పాత గట్టుకూ కొత్త గట్టుకూ మధ్య పొడవాటి పక్కపాయ తవ్వారు. సుమారు 50 ఇళ్లు తీసేయాల్సి వచ్చింది, దాని మీద పెద్ద పోరే జరిగింది. మట్టం దాదాపు 35 సెం.మీ. దిగింది. డిజైన్‌గా చూస్తే పాయకూ నదికీ మధ్య మిగిలిన నేల ఒక ద్వీపమైంది, దానికి వంతెనలు పడ్డాయి. ఒక నడక వంతెన చివర్లను కావాలనే కిందికి ఉంచారు. వరదొస్తే అవి మునుగుతాయి, మెట్టురాళ్ల మీదుగా దాటాలి, ఇంకా పెరిగితే దారి మూసుకుంటుంది. నది లేచిందని జనానికి తెలియజేయడానికి ఇంతకంటే మంచి బోర్డు లేదు.

నీటిలెక్క · 9

పాయ సైజు మీద ఒక లెక్క పెడతాను, తప్పుంటే చెప్పండి. వెడల్పు 200 మీ., లోతు 5 మీ., వాలు 0.0001, గడ్డి, మట్టి అడుగుకు మానింగ్ గుణకం (అడుగు గరుకుదనాన్ని చెప్పే అంకె) 0.03. వేగం సెకనుకు సుమారు 0.97 మీ., ప్రవాహం 970 ఘనపు మీటర్లు. అదే పాయ నిండా విల్లో పొదలు పెరిగి గుణకం 0.10 అయితే 290.

లంక నేలను దింపడం కూడా చూడండి. వరదలో మూడు మీటర్ల నీరు నిలిచే లంకను ఒక మీటరు తవ్వితే లోతు నాలుగు. ప్రవాహం లోతుకు 5/3 ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 1.6 రెట్లు. బాగుంది. కానీ పచ్చిక (0.035) పోయి రెల్లు, పొదలు (0.06) వచ్చాయనుకోండి: 1.6 × 0.58 = 0.93. మీటరు తవ్వి, మట్టి మోసి, డబ్బు పోసి, చివరికి మొదటి కంటే తక్కువ నీరు.

ఒండ్రు · 10

లెక్క సరైనదే. ఈ కార్యక్రమం కారేది కూడా ఆ చిల్లులోంచే. తవ్వకం డబ్బు పెట్టుబడి పద్దులో ఉంటుంది, కోత డబ్బు ఏటా అడుక్కోవాలి.

విల్లో గింజలు అక్కడ మే, జూన్‌లలో గాలికి ఎగురుతాయి. గింజకు ఆయుష్షు తక్కువ. ఆ కొన్ని వారాల్లో తడి బురద దొరికితే తివాచీ పరిచినట్టు మొలుస్తుంది, లేకపోతే లేదు. అందుకని తవ్విన నేలను ఆ కాలంలో బోడిగా, తడిగా వదలకూడదు. ముందే ముగించి గడ్డి చల్లండి, లేదా ఆ తర్వాత నీళ్లు తీయండి. మొలిచాక మొదటి ఏడాది కోత యంత్రంతో పోతుంది. నాలుగో ఏడు రంపాలు కావాలి, ఆ పాటికి పక్షులు గూళ్లు పెట్టి ఉంటాయి, ప్రకృతి చట్టం అనుమతి కూడా కావాలి.

ఏడాది పొడవునా పశువులు, గుర్రాలు మేపితే పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆగదు. రెండు మూడు హెక్టార్లకు ఒక పశువు ఉన్నా మూలల్లో పొదలు దట్టమవుతాయి.

వాళ్లు దీనికి చట్టబద్ధమైన వృక్షపటం పెట్టుకున్నారు. ఏ ముక్కలో ఏ రకం మొక్కలు ఉండొచ్చో పటం మీద రాసి ఉంటుంది. దాటితే భూమి యజమాని తీసేయాలి. 2014లో అమల్లోకి వచ్చింది, అంటే పనులు చాలావరకు డిజైన్ అయ్యాక. నన్నడిగితే ఇది మొదటి రోజే ఉండాల్సిన కాగితం.

పచ్చగీత · 11

ఒక్క మాట అడ్డు. పొద అంతా శత్రువు కాదు. ప్రవాహం పోయే దారిలో పొద చెడ్డది, ప్రవాహం లేక అలలు మాత్రమే కొట్టేచోట మంచిది. నోర్డ్‌వార్డ్ చూడండి. 4,450 హెక్టార్ల పోల్డరును (గట్లు కట్టి నీటి నుంచి కాపాడుకున్న పల్లపు నేల) నదికి తెరిచారు, ఎగువన గోరింకెమ్ దగ్గర మట్టం సుమారు 30 సెం.మీ. దిగింది. అందులో పాత కోట దగ్గర కొత్త గట్టు ముందు విల్లో వనం నాటారు. వరదలో అలలు ఆ కొమ్మల్లో విరిగిపోతాయి కాబట్టి గట్టు తక్కువ ఎత్తులో సరిపోయింది. ఇళ్ల కిటికీలకు ఎత్తయిన గోడ అడ్డురాలేదు.

గట్టుకాపు · 12

ఒప్పుకుంటా. కాకపోతే ఆ వనం ఇప్పుడు గట్టులో భాగం. గట్టును తనిఖీ చేసినట్టే ఏటా కొమ్మల సాంద్రత చూడాలి, వంతులవారీగా నరకాలి, అంతా ఒకే చలికాలంలో నరకకూడదు. తెగులు వస్తే ఏం చేయాలో కాగితం మీద ఉండాలి. చెట్టును భద్రతలో లెక్కపెట్టినప్పుడు ఈ చాకిరీ కూడా లెక్కపెట్టండి.

ఇక లంక తవ్వేవాళ్లకు నా పాత పాట. పైన ఉన్న బంకమట్టి పొర ఊరికే లేదు. దాని కింద ఇసుక ఉంటుంది, ఆ ఇసుక గట్టు కిందుగా లోపలిదాకా పోతుంది. బంక పొర ఉన్నంతకాలం నీరు ఇసుకలోకి దూరంగా ఎక్కడో దిగి, గట్టు కింద చాలా దూరం నడిచి రావాలి. గట్టు కాలి దగ్గర 20 మీటర్ల దూరంలో తవ్వి ఇసుక బయటపెడితే నడక దూరం తెగిపోతుంది. వరదలో లోపలివైపు ఇసుక బుగ్గలు లేస్తాయి, ఇసుక కొట్టుకొచ్చి గట్టు కింద సొరంగం పడుతుంది, గట్టు కూర్చుంటుంది.

పాత బ్లై సూత్రం మొదటి జల్లెడకు పనికొస్తుంది: చాలా సన్న ఇసుకకు నీటిమట్టాల తేడాకు 18 రెట్లు, సన్న ఇసుకకు 15 రెట్లు నడక దూరం కావాలి. తేడా 4 మీటర్లయితే 72 మీ., 60 మీ. ఇప్పటి సెల్‌మైయర్ పద్ధతిలో కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ అడుగుతుంది. దూరం చాలకపోతే కొత్త బంక దుప్పటి, లోపల బెర్మ్, షీట్ పైల్ తెర (నేలలోకి దిగగొట్టిన ఉక్కు రేకుల గోడ) ఇలా ఏదో ఒకటి వేయాలి. ఏది వేసినా తవ్వకంలో మిగిలిన డబ్బు అందులోకే. బోరు రంధ్రాలు వేయకుండా గట్టుకు వంద మీటర్లలో పార పెట్టొద్దు.

గట్టు జరిపేటప్పుడు వరస కూడా ముఖ్యం. మెత్తని నేల మీద కొత్త గట్టు కుంగుతుంది. పైన అదనపు మట్టి పోసి ఒకటి రెండేళ్లు కుంగనివ్వాలి. కొత్తది నిలిచి, గడ్డి వేరు పట్టాకే పాతదాన్ని కోయాలి. తడి బంకమట్టిని తవ్వినది తవ్వినట్టు గట్టు మీద వేస్తే ఆరాక పగుళ్లిస్తుంది. కుప్పలు పోసి, తిరగేసి, ఆరబెట్టి వేయాలి. దానికీ జాగా కావాలి, దాన్ని ఎప్పుడూ ఎవరూ పటంలో గీయరు.

ఒండ్రు · 13

మట్టి జాగా అన్నారు కాబట్టి: 100 హెక్టార్లు ఒక మీటరు తవ్వితే 10 లక్షల ఘనపు మీటర్లు. 15 ఘనపు మీటర్ల లారీలో 67,000 ట్రిప్పులు. ఊళ్లోంచి పోతే ఆ ఊరు కార్యక్రమాన్ని జన్మలో క్షమించదు. పడవల మీద పంపేలా ముందే తాత్కాలిక రేవు గీయండి. మట్టి మూడు రకాలుగా వస్తుంది. బంక గట్టుకు, ఇసుక కట్టడానికి. పై పొరలో గత శతాబ్దపు పరిశ్రమల లోహాలు పట్టిన ఒండ్రు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. దాన్ని ఎక్కడ పాతిపెట్టాలో తేలకముందే టెండరు పిలిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కొత్తపాయ · 14

రైతుల సంగతి ఎవరూ చెప్పలేదు. నీళ్లొచ్చే నేలలో ఉన్నవాళ్లను ఎలా ఒప్పించారు?

దస్త్రం · 15

రెండు చోట్లు చూడండి, రెండు రకాలు.

ఓవర్‌డీప్ పోల్డర్: 550 హెక్టార్లు, 17 పొలాలు. నది వైపు గట్టు తగ్గించి, సగటున 25 ఏళ్లకోసారి నీరు పొర్లేలా చేయాలని ప్రతిపాదన. రైతులు తామే ఒక డిజైన్ తెచ్చారు: లోపలి గట్టును ఆనుకుని ఎత్తయిన దిబ్బలు వేసి ఇళ్లు, పశువుల కొట్టాలు వాటి మీదికి మార్చడం. సుమారు ఆరు మీటర్ల ఎత్తున ఎనిమిది దిబ్బలు కట్టారు. అందరికీ చోటు లేదు కాబట్టి మిగతావాళ్లు పరిహారం తీసుకుని వెళ్లిపోయారు, వాళ్ల పొలాలు మిగిలినవాళ్లకు పంచారు. మట్టం 27 సెం.మీ. దిగింది. చాలామంది 'రైతులు ఒప్పుకున్నారు' అని రాస్తారు. సగంమంది వెళ్లిపోయారన్నది కూడా అంతే నిజం. వెళ్లాలా ఉండాలా అన్నది తేల్చుకోవడానికి ఏళ్ల సమయం ఇచ్చారు, అదే వాళ్లకు ఇచ్చిన మంచి.

వేసెన్-వాపెన్‌వెల్డ్: ఐసెల్ పక్కన 8 కి.మీ. పొడవున రెండు గట్ల మధ్య వరద కాలువ. మట్టం 71 సెం.మీ. దాకా దిగుతుంది, మొత్తం కార్యక్రమంలో పెద్ద అంకెల్లో ఒకటి. నేల సేద్యంలోనే ఉంటుంది. గేట్లు ఒక మనిషి జీవితకాలంలో ఒకసారి తెరవాల్సి వస్తుందని అంచనా. ఇక్కడ పరీక్ష డిజైన్‌ది కాదు, జ్ఞాపకానిది. ముప్పై ఏళ్లు నీరు రాకపోతే కాలువలో షెడ్డు కడతానంటారు, కంచె వేస్తానంటారు. నిర్మాణ నిషేధం భూమి పత్రంలోనే ఉండాలి. గేట్లను ఏటా ఆడించి చూడాలి. 'ఏ మట్టానికి, ఎవరి ఆదేశంతో తెరవాలి' అన్నది వరద రోజున చర్చించేది కాదు, ముందే రాసి ఉండాలి.

నీటిలెక్క · 16

2021 జూలై వరద గురించి? మ్యూజ్ మీద పనులు కాపాడాయని ఒకరు, ఫాల్కెన్‌బుర్గ్ మునిగింది కదా అని ఇంకొకరు వాదిస్తుంటారు.

బ్యాక్‌వాటర్ · 17

ఇద్దరిదీ నిజమే, వేర్వేరు నదుల మాట. ఫాల్కెన్‌బుర్గ్ ఉన్నది ఖ్యూల్ అనే చిన్న ఉపనది మీద. అక్కడ నీరు గంటల్లో వస్తుంది, వాలు ఎక్కువ, పెద్ద నది పనులు దానికి తగలవు. జర్మనీలో ఆర్ లోయలో జరిగిన ఘోరం కూడా అలాంటి లోయదే. ప్రధాన మ్యూజ్‌లో జాగా ఇచ్చినచోట మట్టం తగ్గింది. ఉపనదికి కావలసింది వేరే: ఎగువన నిలవ, మోరీలు, వంతెనల కింద చెత్త చిక్కకుండా ఖాళీ, గంటల్లో అందే హెచ్చరిక.

ఒండ్రు · 18

ఇప్పుడు అసలు గొడవ వరద కాదు, అడుగు. వాల్ ఎగువ భాగంలో నది అడుగు దశాబ్దాలుగా ఏటా ఒకటి రెండు సెంటీమీటర్లు కోసుకుపోతోంది. గ్రోయిన్లతో (ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా వేసిన రాతి కట్టలు) నదిని సన్నగా బిగించడం, ఎగువ నుంచి ఇసుక తగ్గడం, గతంలో తవ్వి అమ్ముకోవడం కారణాలు. వరదకు మంచిదే కదా అనిపిస్తుంది. కానీ నైమేఖెన్ వంపులో రాయి పరిచిన అడుగు కదలదు, చుట్టూ ఇసుక దిగిపోయేసరికి అది గుమ్మంలా పైకి తేలింది. ఓడలకు తక్కువ నీటి కాలంలో 150 మీ. వెడల్పున 2.80 మీ. లోతు ఇస్తామన్న మాట అక్కడే తప్పుతోంది. లంకలు ఎండిపోతున్నాయి. చీలిక దగ్గర వాల్ అడుగు ఎక్కువ దిగితే తక్కువ నీటిలో వాల్ తన వంతు కంటే ఎక్కువ లాగుతుంది, ఐసెల్‌కు తగ్గుతుంది. 2018, 2022 ఎండల్లో ఓడలు సగం సరుకుతో నడిచాయి.

అందుకే ఇంకో కార్యక్రమం 'సమగ్ర నదీ నిర్వహణ' పేరుతో మొదలుపెట్టి, తర్వాత 'నదికి చోటు 2.0' అన్నారు. అందులో జాతీయంగా బిగించాలనుకున్నవి రెండు: అడుగు ఏ మట్టంలో ఉండాలి, ఎంత ప్రవాహం పట్టాలి. శతాబ్దం చివరికి రైన్‌లో 18,000 ఘనపు మీటర్లు రావచ్చన్నది వాళ్లు చాలాకాలంగా వాడిన ఊహ.

పక్కపాయలు అడుగుకు సాయమూ చేస్తాయి, హానీ చేస్తాయి. పాయ నీరు తీసుకుని ఇసుకను నదిలోనే వదిలేస్తే, చీలిన చోటి నుంచి దిగువన నదిలో మేట వేస్తుంది, డ్రెడ్జర్ పిలవాలి. గ్రోయిన్లు తగ్గించడం, వామెల్, ఓఫెమెర్ట్ మధ్య 10 కి.మీ. మేర గ్రోయిన్లకు బదులు ఒడ్డుకు సమాంతరంగా రాతి కట్టలు వేయడం ఈ బాధకు వెతికిన దారులే. సమాంతర కట్టకు వదిలిన సందులను రాయి వేసి, తీసి సర్దుకోవచ్చు, గ్రోయిన్‌తో అది కుదరదు.

కొత్తపాయ · 19

ఆఖరి సందేహం. పక్కపాయ నోటి దగ్గర గుమ్మం ఎత్తు ఎలా నిర్ణయిస్తారు?

ఒండ్రు · 20

మొదట పాయ ఏడాదిలో ఎన్ని రోజులు పారాలో పచ్చగీత గారి లాంటివాళ్లను అడగండి. చేపలకు, పారే నీటి పురుగులకు అయితే దాదాపు ఏడాదంతా. వరదకు మాత్రమే అయితే కొద్ది రోజులు చాలు. తర్వాత గేజీ రికార్డు తీసి, ఏ మట్టం ఏడాదికి ఎన్ని రోజులు దాటుతుందో గీత గీయండి. కావలసిన రోజుల దగ్గర ఆ గీత చూపే మట్టమే గుమ్మం. మామూలు రోజుల్లో నదిలోంచి కొద్ది శాతానికి మించి లాగకూడదు, లేకపోతే ఓడల దారిలో మేట. ఎక్కువ లాగుతుంటే గుమ్మం పెంచకండి, సన్నం చేయండి. పెంచితే పారే రోజులు తగ్గుతాయి.

పాత రికార్డును యథాతథంగా వాడొద్దు. అడుగు ఏటా 1.5 సెం.మీ. దిగితే ఇరవై ఏళ్లకు 30 సెం.మీ., తక్కువ నీటి మట్టం దాదాపు అంతే దిగుతుంది, గుమ్మం పొడిగా మిగులుతుంది. పదేళ్ల లోపు రికార్డు తీసుకుని ముందుకు పొడిగించండి. కాంక్రీటు పోయకండి. వడపోత పొర మీద రాయి పేర్చి, పై వరస రెండు మూడు పొరలు ఎక్స్‌కవేటర్‌తో విడిగా ఎత్తగలిగేలా ఉంచండి. ఆ యంత్రం దిగడానికి దారి, రాయి పెట్టుకోవడానికి చోటు డ్రాయింగులోనే చూపించండి.